గుర్రం గుండెలో వేలెడంత సందు!

కొత్త గొట్టాలు వచ్చాయి. పెట్టె విప్పితే నిగనిగలాడుతూ ముచ్చటగా ఉన్నాయి. తీరా బిగించబోతే... ఒకటి స్టీరింగ్ బాక్సుకు తగులుతోంది, ఇంకోటి క్లచ్ కడ్డీకి అడ్డొస్తోంది! అమెరికాలో పాత మస్టాంగ్ కార్లను ముచ్చటపడి బాగుచేసుకునేవాళ్లకు ఈ తంటా కొత్తేం కాదు.

ఫోర్డ్ కంపెనీ ఆ కారును 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఆవిష్కరించింది. పేరుకి అడవి గుర్రమే అయినా దాన్ని ఫాల్కన్ అనే చిన్న కారు ఆధారంగా తయారుచేశారు. అందుకే బానెట్ కింద చోటు తక్కువ. ముందు చక్రాల స్ప్రింగులను పట్టి ఉంచే షాక్ టవర్లు రెండువైపులా లోపలికి చొచ్చుకొచ్చి ఉంటాయి. వాటి మధ్యే 4.7 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఒదగాలి.

ఇంతకీ ఈ గొట్టాలెందుకంటారా? కంపెనీ అమర్చిన పోత ఇనుము మానిఫోల్డులో అన్ని సిలిండర్ల పొగా ఒకేచోట కలుస్తుంది. సినిమా వదలగానే జనమంతా ఒకే గేటు మీద పడ్డట్టన్నమాట. హెడర్లలో అలాకాదు, ప్రతి సిలిండరుకీ విడిగా ఓ గొట్టం. పొగ తేలిగ్గా బయటికి పోతుంది, ఇంజిన్‌కు ఊపిరాడుతుంది. 1965లో వచ్చిన షెల్బీ జీటీ350లో ఈ గొట్టాలు, పెద్ద కార్బురేటరు వంటి మార్పులతోనే 271 హార్స్‌పవర్ ఇంజిన్ 306కు చేరింది.

మరి ఇరుకు సంగతో? ముందు చూడాల్సింది గొట్టాన్ని కాదు, ఇంజిన్ కింది రబ్బరు మౌంటింగులను. అవి పాతబడి కుంగితే ఇంజినూ కిందికి దిగుతుంది. కొన్నిసార్లు వాటిని మారిస్తే చాలు, సమస్య తీరిపోతుంది. గొట్టం లోపలికి దూరకపోతే మౌంటింగ్ బోల్టులు విప్పి, ఆయిల్ పాన్ కింద చెక్క పెట్టి, జాకీతో ఇంజిన్‌ను కాస్త లేపాలి.

ఇరుకైన చోట్ల పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దలు అంటించి గొట్టం బిగించి, మళ్లీ విప్పాలి. నలిగిన ముద్ద మందమే అక్కడున్న సందు. వేలెడంత, అంటే సుమారు అరంగుళం ఉంటే నిశ్చింత. ఎందుకంటే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ పక్కకు ఒరుగుతుంది, వేడికి గొట్టం సాగుతుంది. అప్పటికీ తగులుతుంటే ఆ చోట సుద్దతో గుర్తుపెట్టి, గొట్టం బయటికి తీసి, ఎర్రగా కాల్చి గుండ్రటి సుత్తితో మెల్లగా నొక్కు పెడతారు. చిన్న నొక్కుతో శక్తి పెద్దగా తగ్గదు. స్టీరింగ్ బాక్సును మాత్రం చెక్కకూడదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది బ్రేక్ గొట్టాన్ని. వేడికి అందులోని ద్రవం మరిగితే పెడల్ నేలదాకా పోతుంది, కారు ఆగదు. దాన్ని దూరంగా జరపాల్సిందే. చివరగా స్టీరింగ్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పి, క్లచ్ నొక్కి చూడాలి. ఓసారి నడిపి, చల్లారాక బోల్టులు మళ్లీ బిగించాలి. పొగ కారితే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరొచ్చు.

1967 మోడల్‌కు 6.4 లీటర్ల ఇంజిన్ పెట్టేందుకు ఫోర్డే బానెట్ కింద చోటు పెంచింది. అంతకుముందు కారున్నవాళ్లకు ఓపికే మందు. ఎంత చేసినా సందు దొరక్కపోతే పొట్టి హెడర్లతో సరిపెట్టుకోవడం మేలు. గుర్రం ఎంత వేగంగా దౌడు తీస్తే ఏం లాభం, కళ్లెం లాగితే ఆగకపోతే!