జంప్ సర్వీస్.. బంతి ఎగరేయడంలోనే సగం విజయం

సంక్రాంతి సెలవుల్లో పల్లెల్లో జరిగే వాలీబాల్ పోటీల్లో ప్రేక్షకులను ఎక్కువగా ఆకట్టుకునేది జంప్ సర్వీస్. ఆటగాడు కోర్టు వెలుపలి నుంచి పరుగున వచ్చి, గాలిలోకి లేచి బంతిని బలంగా బాదితే చుట్టూ నిలబడినవారు ఈలలు వేస్తారు. అదే బంతి నెట్‌కు తగిలి ఇవతలే పడినా, గీత దాటి బయటకు పోయినా ఎదుటి జట్టుకు ఒక పాయింటు ఉచితంగా దక్కుతుంది. పాఠశాల, కళాశాల జట్లలోని బాలబాలికలు పలువురు పెద్దల ఆట చూసి ఈ సర్వీసును అనుకరిస్తుంటారు. క్రమపద్ధతి లేకుండా భుజబలాన్నే నమ్ముకుంటే పాయింట్లు పోవడమే కాక భుజాలు, మోకాళ్లు దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

బ్రెజిల్ చూపిన బాట

1895లో అమెరికాలో విలియం జి.మోర్గాన్ వాలీబాల్‌ను రూపొందించినప్పుడు సర్వీసు ఆటను ప్రారంభించే సాధనం మాత్రమే. దానిని దాడికి ఆయుధంగా మలచి ప్రపంచం దృష్టికి తెచ్చిన ఘనత 1980వ దశకపు బ్రెజిల్ పురుషుల జట్టుది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో రజతం సాధించిన ఆ జట్టులో రెనాన్, విలియం, మొంటనారో జంప్ సర్వీసుకు పేరుపొందారు. బ్రెజిల్‌లో దీనిని ‘సముద్రగర్భానికి ప్రయాణం’ అని ముద్దుగా పిలిచేవారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ ఫైనల్లో నెదర్లాండ్స్‌ను ఓడించి బ్రెజిల్ స్వర్ణం గెలుచుకోగా, చివరి పాయింటును మార్సెలో నెగ్రావో సర్వీసుతోనే సాధించారు.

అప్పట్లో మొదటి నాలుగు సెట్లలో సర్వీసు తప్పితే సర్వీసు అవకాశం మాత్రమే చేజారేది. 1998లో ప్రపంచ వాలీబాల్ సమాఖ్య ర్యాలీ పాయింటు విధానాన్ని ఆమోదించిన తర్వాత ప్రతి తప్పూ నేరుగా ఎదుటివారి ఖాతాలో పాయింటుగా చేరుతోంది. అందుకే నేటి ఆటలో సర్వీసుకు బలంతో పాటు నిలకడ తప్పనిసరి.

ఎందుకంత కష్టం?

కోర్టు పొడవు 18 మీటర్లు. నెట్ ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, మహిళలకు 2.24 మీటర్లు. నేలపై నిలబడి వేగంగా కొడితే బంతి నెట్‌కు తగలడమో, హద్దు దాటడమో జరుగుతుంది. ఎగిరి కొట్టినప్పుడు బంతి మరింత ఎత్తు నుంచి బయలుదేరుతుంది. అరచేతితో బంతిని పైనుంచి చుట్టినట్లు కొట్టడంతో అది ముందుకు గిరగిరా తిరుగుతూ వెళ్తుంది. ఈ భ్రమణం వల్ల గాలి బంతిని కిందికి నెడుతుంది. శాస్త్ర పరిభాషలో దీనిని మాగ్నస్ ప్రభావం అంటారు. ఫలితంగా బంతి నెట్ దాటిన వెంటనే కిందికి వాలి కోర్టులోనే పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వీసును అందుకునేందుకు ఎదుటి ఆటగాడికి ఒక సెకను కూడా దొరకదు.

నిబంధనలు తెలుసుకోవాలి

రిఫరీ ఈల వేసిన 8 సెకన్లలోగా సర్వీసు చేయాలి. బంతిని ఒక్కసారి మాత్రమే ఎగరేయాలి. ఎగరేసిన బంతి సరిగా రాలేదని కొట్టకుండా వదిలేస్తే తప్పుగా పరిగణిస్తారు. పైకి లేచే సమయంలో పాదం వెనుక గీతను గానీ, కోర్టును గానీ తాకరాదు. బంతిని కొట్టిన తర్వాత కోర్టు లోపల దిగవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు పరుగు వేగంలో గీత తొక్కడం తరచూ కనిపించే పొరపాటు.

బంతితోనే తొలి పాఠం

జంప్ సర్వీసులో సింహభాగం బంతి ఎగరేయడంపైనే ఆధారపడి ఉంటుంది. కుడిచేతి వాటం వారు గీతకు మూడు, నాలుగు మీటర్ల వెనుక నిలబడి, బంతిని కుడిచేతితో గానీ రెండు చేతులతో గానీ ముందుకు తిరిగేలా పైకి వేయాలి. అది నెట్ ఎత్తుకు దాదాపు రెట్టింపు లేవాలి. కొట్టకుండా వదిలేస్తే గీతకు అవతల, కోర్టు లోపల అర మీటరు నుంచి మీటరు దూరంలో, కుడి భుజానికి నేరుగా పడాలి. నేలపై చిన్న వలయం గీసుకుని, పదిసార్లలో ఎనిమిది సార్లు బంతి అందులో పడేవరకు ఇదొక్కటే సాధన చేయాలి.

బంతి వెనక్కి వస్తే నడుము వెనక్కి వంగి, సర్వీసు హద్దు దాటుతుంది. మరీ ముందుకు పోతే చేయి అందక నెట్‌కు తగులుతుంది. ఎడమకు పోతే శరీరం పక్కకు ఒరిగి భుజంపై భారం పడుతుంది. చేతి తప్పుగా కనిపించేవి చాలావరకు బంతి ఎగరేయడంలో దొర్లినవే.

మెట్టు మెట్టుగా సాధన

మొదట నిలబడి చేసే సర్వీసు పట్టుబడాలి. ఆ తర్వాత బంతి ఎగరేయడం. మూడో మెట్టులో బంతి ఎగరేసి, పరుగెత్తి, గాలిలోకి లేచి కొట్టకుండా రెండు చేతులతో పట్టుకోవాలి. దీంతో పరుగుకు, బంతికి పొత్తు కుదురుతుంది. అటాకర్ స్మాష్ కోసం వేసే అడుగులే ఇక్కడా వేయాలి. కుడిచేతి వాటం వారికి చివరి రెండు అడుగులు కుడి, ఎడమ వరుసలో వేగంగా పడాలి. అదే సమయంలో రెండు చేతులూ వెనక్కి వెళ్లి ఒక్కసారిగా పైకి లేవాలి.

నాలుగో మెట్టులో కోర్టు లోపల నెట్‌కు ఆరు మీటర్ల దూరం నుంచి కొట్టాలి. మోచేయి చెవికన్నా ఎత్తులో ఉంచి, బంతిని శరీరానికి కాస్త ముందు, చేయి పూర్తిగా చాచిన చోట తాకాలి. వేళ్లు విప్పి, మణికట్టును ముందుకు విరవాలి. నిలకడ వచ్చాక ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ గీత వరకు వెళ్లాలి. సగం బలంతో మొదలుపెట్టి, క్రమంగా పెంచాలి. దిగేటప్పుడు మోకాళ్లు వంచి, రెండు పాదాలపై దిగడం అలవాటు చేసుకోవాలి.

లెక్క తెలిసి కొట్టాలి

ఉదాహరణకు ఒక ఆటగాడు సాధారణ సర్వీసులు పది చేస్తే అన్నీ కోర్టులో పడి, అతని జట్టుకు నాలుగు పాయింట్లు వచ్చాయనుకుందాం. అతడే జంప్ సర్వీసు చేసినప్పుడు నాలుగు తప్పి, రెండు నేరుగా పాయింట్లు తెచ్చి, మిగిలిన నాలుగింటిలో రెండు గెలిచినా దక్కేవి నాలుగే. అంత శ్రమకూ అదనపు లాభం లేదు. తప్పులు మూడుకు మించకుండా చూసుకున్నప్పుడే ఆ ఆయుధం పదునెక్కుతుంది. సాధనలో సర్వీసుల లెక్కను పుస్తకంలో రాసుకోవడం మేలు.

పది తప్పులు చేస్తూ పట్టుదలకు పోవడం కన్నా జంప్ ఫ్లోట్ ఎంచుకోవడం కొందరికి ఉత్తమం. ఇందులో పరుగు తక్కువ, బంతి ఎత్తూ తక్కువ. భ్రమణం లేకుండా గట్టి అరచేతితో తాకి చేతిని ఆపేయడంతో బంతి గాలిలో ఊగుతూ వెళ్తుంది. వేగం తక్కువైనా దాని దారిని అంచనా వేయడం కష్టం.

శరీరాన్ని కాపాడుకోవాలి

పదేపదే ఎగిరి దిగడంతో మోకాలి చిప్ప కింది స్నాయువుకు, బలంగా కొట్టడంతో భుజం కండరాలకు ఒత్తిడి తప్పదు. సిమెంటు నేలపై ఈ ముప్పు మరింత ఎక్కువ. సాధనకు ముందు పదిహేను నిమిషాలు శరీరాన్ని వేడెక్కించాలి. ఎదిగే వయసు పిల్లలు పూర్తి బలంతో కొట్టే సర్వీసుల సంఖ్యను పరిమితం చేసుకుని, మధ్యలో విశ్రాంతి రోజులు పాటించాలి. నొప్పి రెండు మూడు రోజులకు మించి ఉంటే సాధన ఆపి వైద్యుడిని సంప్రదించాలి.

పోటీలోనూ విచక్షణ అవసరం. జట్టు ఆధిక్యంలో ఉన్నప్పుడు పూర్తి బలం చూపవచ్చు. 24-24 వద్ద నిలిచినప్పుడు మాత్రం సాధనలో ఎక్కువసార్లు కోర్టులో పడిన సర్వీసునే నమ్ముకోవాలి.