ఎముక విరిగితే... కట్టా? ఆపరేషనా?

ఎముక విరగని మనిషి ఉండవచ్చు గాని, ఎముక విరిగిన మనిషి లేని ఊరు ఉండదు. తాటిచెట్టు మీద నుంచి పడ్డవారు, బండి మీద నుంచి జారినవారు, కబడ్డీ ఆడుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నవారు మన ఇళ్లలోనూ ఉన్నారు, మన హాస్టల్ గదుల్లోనూ ఉన్నారు. అయినా ఎముక విరిగినప్పుడు ఏం చేయాలి, కట్టు సరిపోతుందా, ఆపరేషన్ తప్పదా అనే విషయంలో మనలో చాలామందికి భయమే తప్ప అవగాహన లేదు. ఆసుపత్రికి పోతే కోసి రాడ్డు వేస్తారని భయపడి ఒకరు గాయంతోనే కట్టు కట్టే ఊరికి బస్సెక్కుతారు. కట్టు కడితే చెయ్యి వంకర పోతుందని భయపడి మరొకరు అవసరం లేకపోయినా అప్పు చేసి ఆపరేషన్‌కు సిద్ధపడతారు. ఈ రెండు భయాల మధ్య నిజం ఏమిటో మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తెలియజేయాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

అతికేది ఎముకే, డాక్టరు కాదు

ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. విరిగిన ఎముకను మందులుగాని, ఆకుపసరుగాని, స్టీలు ప్లేటుగాని అతికించవు. ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. చర్మానికి లోతైన గాయమైతే మచ్చ మిగులుతుంది. ఎముక మాత్రం కొత్త ఎముకతోనే పూడుతుంది.

విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో అక్కడ మెత్తని జిగురు వంటి కణజాలం తయారవుతుంది. తర్వాత దానిలో కాల్షియం చేరి గట్టిపడుతుంది. పెద్దవారిలో చేతి ఎముకలకు సుమారు 6 నుంచి 8 వారాలు, కాలి ఎముకలకు 12 నుంచి 16 వారాలు పడుతుంది. పిల్లల్లో ఇందులో సగం కాలం చాలు. ఆ తర్వాత కూడా నెలల తరబడి ఎముక తన పూర్వరూపాన్ని దిద్దుకుంటూనే ఉంటుంది.

మరి వైద్యుడు చేసేదేమిటి? రెండే పనులు. పక్కకు తొలగిన ముక్కలను సరైన స్థానానికి తేవడం, అతికే వరకు అవి కదలకుండా పట్టి ఉంచడం. కట్టు చేసేదీ ఇదే, ఆపరేషన్ చేసేదీ ఇదే. ఏది ఎక్కడ సరిపోతుందన్నదే ప్రశ్న.

కట్టు సరిపోయేది ఎప్పుడు?

1852లో డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథైసెన్ గుడ్డపట్టీలకు పిండి పట్టించి, తడిపి చుట్టే పద్ధతిని ప్రవేశపెట్టాడు. మనం పిండికట్టు, సిమెంటు కట్టు అనేది దానినే. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొన్నాక, లోపల ఎముక ఎలా విరిగిందో కళ్లతో చూసి వైద్యం చేయడం సాధ్యమైంది.

మన ప్రాంతంలో అంతకు ముందు నుంచీ సంప్రదాయ కట్టు ఉంది. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు తక్కువ. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురుబద్దలతో కట్టే ఆ కట్టును మేము తక్కువ చేసి మాట్లాడడం లేదు. చర్మం చిట్లకుండా, ముక్కలు పెద్దగా తొలగకుండా విరిగిన ఎముకకు కదలకుండా పట్టి ఉంచే ఏ మంచి కట్టు అయినా పనిచేస్తుంది. పిల్లల ఎముకలు పచ్చి కొమ్మలాగా ఒకవైపు చిట్లి మరోవైపు వంగుతాయి. అటువంటి వాటికి చాలావరకు కట్టే చాలు. అయితే కట్టు కట్టే ముందు ఎక్స్‌రే తీయించుకోవడం తప్పనిసరి. ఎముక ఎలా విరిగిందో తెలియకుండా ఏ కట్టు సరిపోతుందో ఎవరూ చెప్పలేరు.

ఒక హెచ్చరిక మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి. కట్టు ఆసుపత్రిలో వేసినా, ఊళ్లో కట్టినా బిగుతు ఎక్కువైతే ప్రమాదమే. లోపల వాపు పెరిగి రక్తప్రసరణ ఆగితే కొన్ని గంటల్లోనే కండరాలు చచ్చిపోతాయి. కొందరు పిల్లలకు వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోవడానికి, కొందరికి చెయ్యే తీసివేయవలసి రావడానికి ఇదే కారణం. వేళ్లు చల్లబడినా, నీలంగా లేదా పాలిపోయినట్లు మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి కట్టు విప్పించాలి. "నొప్పి ఉంటే అతుకుతున్నట్లే" అనే మాటను నమ్మకండి.

ఆపరేషన్ తప్పనిది ఎప్పుడు?

1. చర్మం చిట్లి ఎముక బయటికి వచ్చినప్పుడు, లేదా విరిగిన చోట గాయం ఉన్నప్పుడు. దీనిని కాంపౌండ్ ఫ్రాక్చర్ అంటారు. ఆ గాయం గుండా మట్టి, క్రిములు ఎముక దాకా చేరతాయి. గాయాన్ని లోపలిదాకా కడిగి శుభ్రం చేయాలి. యాంటీబయాటిక్, ధనుర్వాతం ఇంజెక్షన్ వీలైనంత త్వరగా పడాలి. దీని మీద పసరు పూసి కట్టు కడితే ఎముకకే చీము పట్టి ఏళ్ల తరబడి కారుతుంది.

2. విరుపు కీలులోకి వెళ్లినప్పుడు. మోకాలు, మోచెయ్యి, చీలమండ వంటి చోట్ల నున్నని తలం కొద్దిగా ఎగుడుదిగుడు అయినా కీలు బిగుసుకుపోతుంది, త్వరగా అరిగిపోతుంది.

3. పెద్దవారిలో తొడ ఎముక విరిగినప్పుడు, ముంజేతిలోని రెండు ఎముకలూ విరిగినప్పుడు. తొడ కండరాలు బలమైనవి. అవి లాగడం వల్ల ముక్కలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కి కాలు పొట్టి అవుతుంది.

4. ముసలివారికి తుంటి ఎముక విరిగినప్పుడు. దీనికి కట్టు కట్టి నెలల తరబడి మంచంలో ఉంచితే పుండ్లు, న్యుమోనియా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. వీలైతే రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేసి లేపి నడిపించడం మంచిది. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే" అని వదిలేయడమే అవ్వకు మనం చేసే అన్యాయం.

5. రక్తనాళం తెగినప్పుడు, లేదా కట్టు వేసినా ముక్కలు నిలవకుండా జారిపోతున్నప్పుడు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

చాలావరకు మత్తు నడుము దగ్గర వెన్నులోకి, లేదా చేతి నరాలకు ఇస్తారు. మనిషి మెలకువగానే ఉండవచ్చు. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెరమీద చూస్తూ ఎముకను సరిచేస్తారు. తర్వాత పట్టి ఉంచే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి.

పిల్లల మోచేతి దగ్గర విరిగితే సన్నని తీగల వంటి పిన్నులు వేసి, మూడు నాలుగు వారాలకు తీసివేస్తారు. ముంజెయ్యికి, కీళ్ల దగ్గర విరుపులకు ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. 1958లో స్విట్జర్లాండ్‌లో కొందరు సర్జన్లు సంఘంగా ఏర్పడి ఈ పద్ధతికి నియమాలు రూపొందించారు. తొడ, పిక్క ఎముకలు లోపల వెదురుబొంగులా గుల్లగా ఉంటాయి కనుక ఆ గుల్లలోకి రాడ్డు దించుతారు. 1939లో జర్మనీకి చెందిన గెరార్డ్ కుంచర్ ఈ మార్గం చూపాడు. ఆ తర్వాత రాడ్డుకు పైనా కిందా స్క్రూలు బిగించే పద్ధతి వచ్చింది. దానివల్ల నెలల తరబడి మంచాన పడే రోగి కొద్దిరోజుల్లోనే చేతికర్రలతో నడవగలుగుతున్నాడు.

గాయం బాగా చెడిపోయి ఉంటే, ఎముకలోకి పిన్నులు గుచ్చి వాటిని బయటి నుంచే చట్రంతో బిగిస్తారు. సోవియట్ వైద్యుడు ఇలిజారోవ్ 1950ల్లో రూపొందించిన వలయాల చట్రం అయితే తక్కువైన ఎముకను రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెంచగలదు. తుంటి బాగా విరిగిన వృద్ధులకు కృత్రిమ బంతిని అమరుస్తారు.

ఆపరేషన్‌కూ నష్టాలున్నాయి. చీము పట్టవచ్చు, ఎముక అతకకపోవచ్చు, ప్లేటు వదులు కావచ్చు. అందుకే డాక్టరును "ఆపరేషన్ ఎందుకు? చేయకపోతే ఏమవుతుంది? ఎప్పుడు నడవాలి?" అని అడగడం మన హక్కు. సంతకం చేసే కాగితం చదివి చేద్దాం. చదువురాని మన పెద్దలకు చదివి వినిపిద్దాం.

ఆపరేషన్ తర్వాత వ్యాయామం సగం వైద్యం. చెప్పిన ప్రకారం కీళ్లు కదపకపోతే ఎముక అతికినా చెయ్యి పైకి లేవదు. పథ్యం పేరుతో "పప్పు తింటే చీము పడుతుంది" అని మాంసకృత్తులు మాన్పించడం తప్పు. పప్పు, గుడ్డు, పాలు ఉంటేనే గాయం మానుతుంది. బీడీ, సిగరెట్టు మాత్రం పూర్తిగా మానాలి. పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది.

ఎవరి ఎముక త్వరగా విరుగుతుంది?

కొందరు గోడ మీద నుంచి పడినా లేచి నడుస్తారు. కొందరికి గడప తట్టుకుంటేనే తుంటి విరుగుతుంది. వయసు, నెలసరి ఆగిన తర్వాత స్త్రీలలో వచ్చే మార్పులు, చాలీచాలని తిండి, పొగ, మద్యం, ఇంట్లో ఇదివరకు తుంటి విరిగినవారు ఉండడం ఇందుకు కారణాలు. కీళ్లనొప్పులకని కొనే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చు. వాటిని ఎక్కువకాలం వాడితే ఎముక గుల్లబారుతుంది.

మన ప్రాంతానికి ఉన్న శాపం ఫ్లోరైడు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. నల్లగొండ పల్లెల కథ అందరికీ తెలుసు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడును ఏళ్ల తరబడి తాగితే ఎముక చూడడానికి దట్టంగా ఉన్నా పెళుసుబారుతుంది. ఫ్లోరైడు ఉన్న ఊళ్లలో బోరునీరు మాని, సరఫరా అయ్యే నదీజలాలనే తాగాలి.

ఇక మన హాస్టల్ వయసు మాట. ఇరవై ఏళ్లు వచ్చేసరికి మన జీవితకాలపు ఎముక బలంలో దాదాపు 90 శాతం సమకూరిపోతుంది. అంటే ఈ వసతిగృహంలో తినే అన్నమే అరవయ్యేళ్ల వయసులో మనల్ని నిలబెడుతుంది. 10 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు సుమారు 850 నుంచి 1050 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. రాగిజావ, మజ్జిగ, గుడ్డు, ఆకుకూర, కాసేపు ఎండ, రోజూ ఆట... ఇవే మన ఎముకల బ్యాంకు. మెనూలో ఉన్న గుడ్డు కంచంలోకి రావాలని అడగడం తిండియావ కాదు, ఆరోగ్య హక్కు.

పడిన వెంటనే ఏం చేయాలి?

- విరిగిన చోట నలపకూడదు, లాగకూడదు, నూనె మర్దనా చేయకూడదు.
- బయటికి వచ్చిన ఎముకను లోపలికి నెట్టకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పాలి.
- ఉంగరం, గాజులు, చేతి తాళ్లు వాపు రాకముందే తీసివేయాలి.
- అట్టముక్క, స్కేలు, చుట్టిన వార్తాపత్రిక ఏదైనా ఆసరాగా పెట్టి, పైకీలు కిందికీలు కదలకుండా వదులుగా కట్టాలి.
- మెడ, నడుము దెబ్బ అనుమానం ఉంటే కూర్చోబెట్టకూడదు, మోయకూడదు.
- తినడానికి ఏమీ పెట్టకూడదు. ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి.
- 108కు ఫోను చేయాలి.

ఖర్చుకు భయపడి ఆగవద్దు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఎముకల విభాగాలున్నాయి. హైదరాబాదులోని నిమ్స్ పుట్టిందే ఎముకల ఆసుపత్రిగా. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. మన ఆపరేషన్ దాని కిందికి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల్లోపు 1.5 లక్షల రూపాయల వరకు నగదు లేని చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో ప్రకటించింది.

మిత్రులారా! మన తల్లిదండ్రులు రెక్కాడితేగాని డొక్కాడని వారు. వారికి చెయ్యి విరగడమంటే ఇంటి పొయ్యి ఆరిపోవడమే. కట్టుకూ ఆపరేషన్‌కూ తేడా తెలిసిన ఒక్క పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ చెయ్యి నిలుస్తుంది. ప్రతి హాస్టల్‌లో ఒక ప్రథమచికిత్స పెట్టె, అందులో నాలుగు చెక్కబద్దలు, రెండు పట్టీలు ఉండేలా పూర్వ విద్యార్థులం పూనుకుందాం. ఈ పేజీని మీరు మీ ఊళ్లో పదిమందికి చదివి వినిపించండి.