షుగరూ, ఇనుమూ: అసలు సంగతి

“షుగరు ఉన్నవాళ్ళు ఐరన్ మాత్రలు మానెయ్యాలటగా?” ఈ మధ్య పాఠకులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఇనుము వల్ల కణాలు చనిపోతాయన్న పరిశోధన వార్తల నుంచి పుట్టిన భయం. పరిశోధన నిజమే. దాన్నుంచి లాగిన తీర్మానమే తప్పు, ప్రమాదకరం కూడా.

ఆ రకం కణమరణానికి 2012లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ డిక్సన్, బ్రెంట్ స్టాక్‌వెల్ బృందం ఫెరాప్టోసిస్ అని పేరు పెట్టింది. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారైంది. మూత తీసి వదిలేసిన వేరుశనగ నూనె కొన్నాళ్ళకు కంపు కొడుతుంది కదా, పొర పాడయ్యేదీ ఆ రసాయన చర్యతోనే. ప్రొటీన్లలో భద్రంగా ఇమడకుండా విడిగా తిరిగే ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది పొరలోని ఒక కొవ్వు అణువు నుంచి హైడ్రోజన్‌ను లాగేసుకుంటుంది. దెబ్బతిన్న అణువు ఆక్సిజన్‌ను పట్టుకుని పక్కదాని మీద పడుతుంది, అది ఆ పక్కదాని మీద. చూస్తుండగానే పొరంతా పాకుతుంది. నూనె పాడైతే పారబోస్తాం. కణానికి ఆ వీల్లేదు గనక జీపీఎక్స్4 అనే ఎంజైము పాడైన కొవ్వును ఎప్పటికప్పుడు చక్కబెడుతుంది. ఆ పనికి దానికి కావలసిన గ్లూటాథయోన్ అనే పదార్థం అందకపోతే పొర తెగి కణం చస్తుంది.

ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో ఇలాంటి రక్షణ పుట్టుకతోనే తక్కువ. అందుకే ఇనుము పేరుకుపోయే హీమోక్రొమాటోసిస్ రోగుల్లో కొందరికి షుగరు వస్తుంది. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలకూ ఇదే ముప్పు: ఒక్కో సంచీ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము చేరుతుంది, ఒంట్లోంచి రోజుకు పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. షుగరు వల్ల కిడ్నీ, గుండె, కంటి రెటీనా దెబ్బతినడంలోనూ ఈ కణమరణానికి పాత్ర ఉందని ఎలుకల్లో, ప్రయోగశాల కణాల్లో ఆధారాలు దొరికాయి. దీన్ని అడ్డుకుని షుగరు రోగిని కాపాడే మందు మాత్రం ఇంకా వైద్యుల చేతికి రాలేదు. ఇనుమును కడిగేస్తామంటూ చూర్ణాలు అమ్మేవాళ్ళు చేస్తున్నది పచ్చి మోసం.

ముప్పు పేరుకుపోయిన ఇనుముతో, లోపాన్ని తీర్చే మాత్రతో కాదు. కాబట్టి డాక్టరు రక్తహీనతకు రాసిన మాత్ర మానకండి, రాయనిది బలానికని మింగకండి. ఫెరిటిన్ పరీక్షతో ఇనుము నిల్వ తెలుస్తుంది. అయితే ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది, అందుకని ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఇనుము లోపం ఉంటే మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. అది పెరిగిందని షుగరు మందు పెంచుకునే ముందు, రక్తహీనత ఉన్న సంగతి డాక్టరుకు చెప్పండి.