సైన్యమునకు పిస్తోలు ఎంపిక

పదాతి సైనికునికి ముఖ్యాయుధము రైఫిలు. కాని టాంకు నడుపువాడును, విమాన చోదకుడును, రేడియో యంత్రముకడ కూర్చుండువాడును అంత పొడవైన ఆయుధమును వెంట ఉంచుకొనజాలరు. వీరి నడుమున ఉండునది పిస్తోలు. ఏండ్ల తరబడి దానిని పైకి తీయు అవసరమే కలుగకపోవచ్చును. కలిగిననాడు శత్రువు కొలది గజముల దూరముననే ఉండును. అప్పుడు పిస్తోలు మొరాయించినచో రెండవ అవకాశము లేదు. కనుక పాత పిస్తోలును మార్చదలచిన సైన్యము ముందుగా చూడవలసినది, కొత్తది ఎన్నిసార్లు తప్పక ప్రేలును అను విషయమే.

1911 మార్చిలో అమెరికా సైన్యము రెండు పిస్తోళ్లను పోటీకి నిలిపి, ఒక్కొక్కదానితో 6,000 తూటాలు కాల్పించెను. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్తోలు ఒక్కమారైనను ఆగలేదు. దాని పోటీదారైన సావేజ్ పిస్తోలు 37 మార్లు మొరాయించెను. ఎంపిక తేలిపోయెను. కోల్ట్‌కు బదులు వేరొక పిస్తోలును ఎన్నుకొనుటకు 1985 వచ్చినది.

మొరాయించుటకు కారణమేమి? తూటా ప్రేలగానే పిస్తోలు పైభాగము వెనుకకు జారి ఖాళీ తొడుగును బయటకు విసరును. తిరిగి ముందుకు వచ్చుచు మరియొక తూటాను గొట్టములోనికి త్రోయును. జారు భాగములకు నూనె కావలెను. డోన్, బేతంచెర్ల ప్రాంతములలో నాపరాళ్లు కోయు యంత్రములను చూచినవారు, నూనెపై దుమ్ము పడి ముద్దగా మారుట ఎరుగుదురు. పిస్తోలులోను అంతే. భాగముల నడుమ సందు మరీ తక్కువైనచో ఆ ముద్ద కదలికను ఆపివేయును. మరీ ఎక్కువైనచో గురి చెడును. అందుచేతనే పరీక్షలలో ఇసుకయు, బురదయు వాడుదురు.

రెండవ పరీక్ష క్రింద పడవేయుట. పిస్తోలు నేలను తాకి ఆగినను, బరువైన ట్రిగ్గరు జడత్వముచే ఇంకను కదలజూచును. 2017 జనవరిలో అమెరికా సైన్యము సిగ్ సావర్ పిస్తోలును ఎన్నుకొనెను. ఆ తరువాతి పరీక్షలలో అది క్రింద పడినపుడు ప్రేలుట కనబడగా, ట్రిగ్గరు భాగములను తేలికవానిగా మార్చిరి. ఇట్టి లోపము శత్రువుకంటె ముందు సొంత సైనికునికే ప్రమాదము.

ఇక బరువు. 8 గ్రాముల గుండు సెకనుకు 350 మీటర్ల వేగముతో వెడలినదనుకొందము. న్యూటన్ సూత్రము ననుసరించి 1 కిలో పిస్తోలు సెకనుకు సుమారు 2.8 మీటర్ల వేగముతో వెనుకకు తన్నును. బరువు సగమైనచో ఈ వేగము రెట్టింపగును. రెండవ గుండుకు గురి కుదురుట కష్టమగును. మోయుటకు తేలిక, కాల్చుటకు నిలుకడ, ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధము.

తూటాల లెక్కయు కలదు. మన సైన్యము చిరకాలముగా వాడిన 9 మి.మీ. పిస్తోలు, ఈశాపూర్ కర్మాగారమున బ్రౌనింగ్ నమూనాపై తయారైనది. అందు 13 తూటాలు పట్టును. బ్రిటిషు సైన్యము అదే జాతి పిస్తోలును 2013లో విడిచి, 17 తూటాలు పట్టు గ్లాక్‌ను తీసికొనెను. తూటా మాత్రము 9 మి.మీ.దే. తూటా మారినచో నిల్వలు, కర్మాగారములు, శిక్షణ అన్నియు మారవలెను.

మన దేశమున 2021 జనవరిలో ప్రకటితమైన ‘అస్మి’ యంత్ర పిస్తోలులోను ఈ లెక్కయే కనబడును. మౌ లోని పదాతిదళ పాఠశాలయు, పుణెలోని రక్షణ పరిశోధనాలయమును కలిసి దీనిని నాలుగు నెలలలో రూపొందించెను. ఇది సైన్యముకడ నున్న 9 మి.మీ. తూటానే కాల్చును. పైభాగము విమానములకు వాడు తరగతి అల్యూమినియము, క్రిందిభాగము కార్బన్ నార. టాంకు, విమాన సిబ్బంది, వాహన చోదకులు మొదలగువారిని ఉద్దేశించినది. హైదరాబాదులోని లోకేష్ మెషీన్స్ సంస్థ తయారుచేసిన 550 ‘అస్మి’లను 2024లో సైన్యపు ఉత్తర కమాండు తీసికొనెను.

ఒక ఆయుధమున అన్ని గుణములును పరాకాష్ఠలో ఉండవు. ఏ గుణమును ఎంతవరకు వదులుకొనవచ్చునో కొలిచి చెప్పునది పరీక్ష. నమ్మకమును మాత్రము ఏ కొంచెమును వదులుకొనరాదు. దానిపై ఒక ప్రాణము ఆధారపడియున్నది.