ఆపరేషన్‌లో అజాగ్రత్త: ఫిర్యాదుకు గడువు

డబ్బు చెల్లించి చేయించుకొన్న ఆపరేషన్‌లో వైద్యుని అజాగ్రత్త వలన హాని కలిగినచో, వినియోగదారుల కమిషన్‌లో నష్టపరిహారము కోరవచ్చును. 1995లో సుప్రీంకోర్టు ఈ హక్కును స్థిరపరచినది. అందరికీ పూర్తిగా ఉచితముగా వైద్యము చేయు ఆసుపత్రులకు ఇది వర్తింపదు.

2019 చట్టము 69వ సెక్షన్ ప్రకారము గడువు రెండేండ్లు. హాని వెంటనే కనబడినచో ఆనాటి నుండి, లోపల దాగియున్నచో తెలిసిన నాటి నుండి, లేక తగు శ్రద్ధతో తెలిసికొనగలిగిన నాటి నుండి లెక్కింతురు.

ఈ చివరి మాట ముఖ్యము. మహారాష్ట్రలో ఒక నర్సుకు 1993లో ఆపరేషన్ జరిగినది. కడుపులో మిగిలిన గాజ్ గుడ్డ 2002లో బయటపడినది. 2004లో ఫిర్యాదు చేసినది. ఏండ్ల తరబడి నొప్పి ఉన్నను ఆ వైద్యునికి తెలుపలేదని, గడువు దాటినదని 2010లో సుప్రీంకోర్టు ఫిర్యాదును త్రోసివేసినది.

కనుక నొప్పి తగ్గనిచో మాత్రలతో కాలము గడపక, వైద్యునికి చూపి కాగితము తీసికొనవలెను. రసీదులు, డిశ్చార్జి పత్రము, స్కాన్‌లు దాచుకొనవలెను. రికార్డు కోరినచో 72 గంటలలో ఈయవలెనని నిబంధన. దానిని మూడేండ్లు మాత్రమే ఉంచవలసియుండును.

షోలాపూర్ వారు పూనాలో ఆపరేషన్ చేయించుకొన్నను, షోలాపూర్ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. గడువు దాటినచో తగిన కారణము చూపవలెను. మన్నించుట కమిషన్ ఇష్టము.