తల్లి వంతు

మన యిండ్లలో వండిన యామె కడపట భుజించుట చిరకాలముగా వచ్చుచున్న వాడుక. మగవారు తినిన పిమ్మట పిల్లలు, అటుపై అత్తగారు, అందఱి యనంతరము కోడలు. గిన్నె యడుగున మిగిలినదే యామె వంతు. ఆమె గర్భవతియైనను ఈ వరుస మాఱుట యరుదు. పైగా ఎక్కువ తినినచో బిడ్డ లావై కాన్పు కష్టమగునని భయపెట్టి, ఉన్న ముద్దను గూడ తగ్గించు పెద్దలు నేటికిని గలరు.

అంగన్‌వాడీ భోజనమును గూర్చి తలచునపుడు ఈ వరుసను మఱవరాదు. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలైనవి. తల్లులకు పిండియో సరుకులో యిచ్చి యింటికి పంపు పద్ధతి చాలచోట్ల నుండెను. ఇంటికి చేరిన పిండి యింటిల్లిపాదిది యగును గదా! ముగ్గురు పిల్లలు చుట్టును నిలిచి చూచుచుండగా తల్లి తానొక్కతె తినునా? తినినచో మనమే యేమందుమో!

అందుచే 2013లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అమృతహస్తమను పేరను, 2015 జనవరి 1 నుండి తెలంగాణమున ఆరోగ్యలక్ష్మి యను పేరను, గర్భిణులను, బాలింతలను కేంద్రముననే కూర్చుండబెట్టి యొకపూట నిండు భోజనము పెట్టు ఏర్పాటు జరిగినది. అన్నము, పప్పు, కూర, గ్రుడ్డు, తెలంగాణమున 200 మిల్లీలీటర్ల పాలు, వీనితో ఇనుపధాతువు గల మాత్ర.

మే మొకనాడు తెలంగాణములోని యొక పల్లెలో మధ్యాహ్నవేళ అట్టి కేంద్రమునకు పోయి కూర్చుంటిమి. ఒకామె అన్నము తిని, పాలు త్రాగి, గ్రుడ్డును మాత్రము మెల్లగా కొంగున ముడివేసికొనెను. టీచరమ్మ చూచి, ఇక్కడనే తినుమనెను. “మా పెద్దోడు తింటడమ్మా” అని యామె తలవంచుకొనెను. మేమేమియు ననలేకపోతిమి. బడిలో వానికిని మధ్యాహ్న భోజనము గలదన్న మాట మాకు దారిలోగాని తోచలేదు.

రావలసిన మఱియొకామె యానాడు రానే లేదు. పత్తి యేరుటకు పోయినదట. వేఱొక యింట, కోడలు అచ్చట తినినచో తమకు కూటికి లేదని లోకులనుకొందురని అత్తగారు పంపరట! ఈ మాట మమ్ము మిక్కిలి నొప్పించినది. ఇది బిచ్చము కాదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టము గర్భిణికిని, ప్రసవించిన ఆఱు మాసముల వఱకు బాలింతకును ఉచిత భోజనమును హక్కుగా నొసగినది. 600 కెలోరీల శక్తి, 18 నుండి 20 గ్రాముల మాంసకృత్తులు ఆనాడు అందు నిర్ణయించిన కొలత.

ఆ కొలత యింటి తిండికి పైగా చేర్చవలసినదే కాని దానికి బదులు కాదు. పగలు అక్కడ తినినది గదా యని రాత్రి యన్నము తగ్గించినచో లాభమేమున్నది? అన్నము తినిన వెంటనే తేనీరు త్రాగు నలవాటును గూడ కొంత దూరముంచుడు. అది ఇనుము ఒంటబట్టనీయదు. పప్పులో పిండిన నిమ్మరసము ఒంటబట్టించును.

పసివారికై యిచ్చు పిండికిని ఇదే గతి పట్టుచున్నది. తెలంగాణమున ఏడవ నెల మొదలు మూడేండ్ల వఱకు గల బిడ్డకు బాలామృతమను పొడి నిత్తురు. తియ్యగా నుండుటచే పెద్దపిల్లలు గుప్పెళ్లతో మ్రింగుదురు. డబ్బాలో పోసి, ఎత్తైన చోట నుంచి, చిన్నవానికి వేళకు కలిపి పెట్టుడు.

ఇంట నెల తప్పిన కోడలో, కూతురో యున్నచో, మధ్యాహ్నము ఆ గంటసేపు పొయ్యిని, పిల్లలను ఎవరు చూచుకొందురో ముందురాత్రియే చెప్పుకొనుట మేలు. అత్తగారు తామే యామెను తోడ్కొనిపోయినచో, కొంగుముడి వేయు పనియు తప్పును.