యంత్రపటమును చదువు నేర్పు

గ్రామపెద్దలారా! శ్లోకమును వల్లించుట వేఱు, అన్వయము చెప్పుట వేఱని నేను బడిలో చెప్పుచుండువాడను. కర్మాగారములందు యంత్రపటమును చదువుటయు నట్టిదే. అందొకే వస్తువు ముందునుండియు, పైనుండియు, ప్రక్కనుండియు చూచినట్లు వేర్వేరుగ గీయబడి యుండును. పైనుండి చూచిన రూపమును మనదేశపు పద్ధతిలో ముందురూపమునకు క్రిందను, అమెరికా పద్ధతిలో మీదను గీయుదురు. ఈ భేదమెఱుగని పనివాడు రంధ్రమును మాఱుప్రక్క తొలిచి యినుమును వృథచేయును.

కావున పరీక్షకులు పటములోని యంకెలను చదివించి విడువరాదు. తునకలుగ గీసిన గీత యేమని యడుగవలెను. కంటికి మఱుగైన యంచని పనివాడు చెప్పవలెను. కొలత 25 మిల్లీమీటర్లు, హెచ్చుతగ్గులు 0.02 అని యున్నచో, 25.03 గల ముక్క చెల్లునా? చెల్లదని, 25.02 దాటరాదని కారణము చెప్పినవాడే నేర్పరి.

మీ పిల్లలు ఐ.టి.ఐ.లో చేరినచో, ఇంటనున్న పీటను మూడు రూపములుగ గీయుమని మీరే యడిగి చూడుడు.